ఈమెయిల్ ఫిల్టర్లతో నడిచే స్క్రిప్టులు: లోపాల నిర్ధారణ

పెట్టెలోకి వచ్చిన ఈమెయిల్‌ను పంపినవారి చిరునామా, సబ్జెక్టు, అటాచ్‌మెంటు వంటి ఆనవాళ్లతో గుర్తుపట్టి, ఆ వెంటనే ఒక చిన్న ప్రోగ్రామును నడిపించే ఏర్పాటును ఫిల్టర్ ఆధారిత ఆటోమేషన్ అంటారు. గుర్తుపట్టేది ఫిల్టర్, పని చేసేది స్క్రిప్టు. బిల్లును ఫోల్డరులో దాచడం, టెండరు గడువును క్యాలెండరులో ఎక్కించడం, రోజువారీ అంకెలను ఎక్సెల్ షీటులో చేర్చడం దీని మామూలు ఉపయోగాలు. ఈ ఏర్పాటు ఆగిపోయినప్పుడు చాలాసార్లు చప్పుడుండదు. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు. రావలసిన ఫలితం రాదు, అంతే. అందుకే ఇందులో లోపం వెతకడానికి ప్రత్యేకమైన క్రమం అవసరమవుతుంది. ఆ క్రమాన్ని ఈ వ్యాసం రామగుండం, గోదావరిఖని బొగ్గు బెల్టులోని కార్యాలయ అవసరాల ఉదాహరణలతో వివరిస్తుంది.

ప్రాంతీయ నేపథ్యం

సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉన్న ఈ సంస్థ ఏటా సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. పెద్దపల్లి జిల్లాలో సింగరేణి గనులు రామగుండం పేరిట ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాలుగా విస్తరించాయి. వాటి పక్కనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, రామగుండం ఎరువుల కర్మాగారం ఉన్నాయి.

ఈ పెద్ద సంస్థలను ఆనుకొని వందల కొద్దీ చిన్న ఆఫీసులు బతుకుతుంటాయి. బొగ్గు మీది మట్టిని తొలగించే ఓబీ కాంట్రాక్టర్లు, టిప్పర్ల యజమానులు, స్పేర్ పార్టుల సప్లయర్లు, జీఎస్టీ లెక్కలు చూసే అకౌంటెంట్లు అందరి కాగితమూ ఇప్పుడు మెయిల్‌లోనే నడుస్తోంది. 2016 ఆగస్టు 9న మొదలైన ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వే బిల్లు, ఆన్‌లైన్ టెండర్లు కలిసి ఈ మార్పును వేగంగా తెచ్చాయి. టెండరు గడువు పొడిగించినట్టో నిబంధన మార్చినట్టో చెప్పే కొరిజెండం ఒక్కటి కంటపడకపోతే బిడ్డే చెల్లకుండా పోవచ్చు. ఒకరిద్దరు గుమస్తాలతో నడిచే ఆఫీసులకు ఫిల్టరూ స్క్రిప్టూ అక్కరకొచ్చేది ఇక్కడే.

చరిత్ర

ఈమెయిల్ రవాణాకు ఆధారమైన ఎస్‌ఎంటీపీ నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా ప్రకటించాడు. యూనిక్స్ సర్వర్లలో ఒక చిరునామాకు వచ్చిన మెయిల్‌ను నేరుగా ప్రోగ్రాముకు అందించే వీలు ముందు నుంచే ఉంది. 1990లో స్టీఫెన్ వాన్ డెన్ బర్గ్ రాసిన ప్రాక్‌మెయిల్ దాన్ని సామాన్య వినియోగదారుల చేతికి తెచ్చింది. షరతు ఒకటి, దాని కింద చేయాల్సిన పని ఒకటి రాసుకుంటే చాలు.

2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3028గా వెలువడి, 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5228గా సవరణ పొందిన సీవ్ అనే ఫిల్టర్ భాష వేరే దారి పట్టింది. బయటి ప్రోగ్రాములను నడిపే శక్తిని, ఆగకుండా తిరిగే లూపులను అందులో కావాలనే ఉంచలేదు. పరాయి సర్వర్ మీద వినియోగదారుడు రాసే నియమం ఆ సర్వర్‌కు ముప్పు కాకూడదన్నది దాని ఉద్దేశం. డవ్‌కాట్ మెయిల్ సర్వర్‌లో మాత్రం నిర్వాహకుడు అనుమతిస్తే అదనపు విస్తరణలతో ప్రోగ్రాములను నడపవచ్చు.

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న, గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ 2009లో వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన ఫ్లో 2019లో పవర్ ఆటోమేట్‌గా పేరు మార్చుకుంది. సొంత సర్వర్ లేని చిన్న ఆఫీసులకు ఈ సేవలతోనే ఆటోమేషన్ అందుబాటులోకి వచ్చింది.

పనిచేసే తీరు

ఏ సాఫ్ట్‌వేర్ వాడినా మెయిల్ ఐదు మజిలీలు దాటాలి: సర్వర్‌కు చేరడం, స్పామ్ పరీక్ష గట్టెక్కడం, ఫిల్టర్‌కు చిక్కడం, స్క్రిప్టు కదలడం, ఫలితం సరైన చోట పడడం. వీటిలో మూడోదానికీ నాలుగోదానికీ మధ్య లంకె ఎలా ఉందన్నది ముందుగా తెలుసుకోవాలి.

ప్రాక్‌మెయిల్‌లో మెయిల్ రాకే స్క్రిప్టును లేపుతుంది. యాప్స్ స్క్రిప్ట్‌లో అలాంటి నేరు ట్రిగ్గర్ లేదు. జీమెయిల్ ఫిల్టర్ ఒక లేబుల్ తగిలించి ఊరుకుంటుంది. గడియారం ప్రకారం లేచే స్క్రిప్టు ఆ లేబుల్ ఉన్నవాటిని ఏరుకుంటుంది. పది నిమిషాలకోసారి లేచే స్క్రిప్టును వెంటనే పనిచేయలేదని అనుమానించడం వృథా. అవుట్‌లుక్‌లో కొన్ని రూల్స్ సర్వర్‌లో నడిస్తే, కొన్ని ఆ కంప్యూటర్‌లో అవుట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తాయి. సాయంత్రం సిస్టమ్ కట్టేసి వెళ్లే ఆఫీసులో రెండో రకం రూల్స్ రాత్రంతా నిద్రపోతాయి.

ఫిల్టర్ పట్టని సందర్భాలు

ఫిల్టర్‌లో రాసిన మాటకూ వచ్చిన మెయిల్‌లోని మాటకూ తేడా ఉండడమే ఎక్కువగా ఎదురయ్యే కారణం. ఒకే గనిని ఒకరు జీడీకే-11 అని, మరొకరు 11 ఇంక్లైన్ అని, ఇంకొకరు పదకొండో బాయి అని రాస్తారు. మనిషికి మూడూ ఒకటే. ఫిల్టర్‌కు మూడు వేర్వేరు పదాలు. ముఖ్యమైన మెయిళ్లకు సబ్జెక్టులో స్థిరమైన సంకేతం పెట్టించుకోవడం దీనికి విరుగుడు. ఆ సంకేతాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే విశిష్టంగా ఉంటుందని కొందరు అనుకుంటారు. జీమెయిల్ వెతుకులాట బ్రాకెట్లను పట్టించుకోదు కాబట్టి సంకేతం అక్షరాలూ అంకెలతోనే ప్రత్యేకంగా ఉండాలి.

రూల్స్ వరస కూడా చూడాలి. అవుట్‌లుక్‌లో ముందున్న రూల్‌కు ఆ తర్వాతి రూల్స్ ఆపేయమన్న గుర్తు పెట్టి ఉంటే కింది రూల్ వంతు ఎప్పటికీ రాదు. జీమెయిల్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒకే సబ్జెక్టు మీద నడిచిన జవాబులన్నీ ఒక సంభాషణగా చేరతాయి. యాప్స్ స్క్రిప్ట్‌లోని జీమెయిల్ సేవ లేబుళ్లను ఆ సంభాషణ మొత్తానికి లెక్కిస్తుంది. పని అయిపోయిందన్న లేబుల్ నిన్న తగిలించి ఉంటే, అదే సంభాషణలో ఈరోజు వచ్చిన కొత్త బిల్లును స్క్రిప్టు పాతదనుకొని వదిలేస్తుంది. కనుక ఏది పూర్తయిందో మెయిల్ ఐడీల వారీగా రాసిపెట్టుకోవాలి.

తెలుగు లిపి తెచ్చే చిక్కులు

ఈమెయిల్ హెడర్లు మొదట రోమన్ అక్షరాల కోసమే తయారయ్యాయి. ఇతర లిపులను సంకేతాలుగా మార్చి పంపే పద్ధతిని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 నిర్ణయించింది. ఒక్కో సంకేత పదం 75 అక్షరాలు మించకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు వర్ణానికి, గుణింతపు గుర్తుకు 3 బైట్లు పడతాయి. బేస్64 పద్ధతిలో ముందూ వెనుకా పెట్టే గుర్తులు పోగా ఒక సంకేత పదంలో 45 బైట్లకే, అంటే 15 తెలుగు గుర్తులకే చోటు మిగులుతుంది. బొగ్గు రవాణా నివేదిక అన్న చిన్న సబ్జెక్టుకు ఖాళీలతో కలిపి 56 బైట్లు కావాలి; అది రెండు ముక్కలుగా విరిగి ప్రయాణిస్తుంది. ప్రాక్‌మెయిల్ హెడర్‌ను వచ్చిన రూపంలోనే చదువుతుంది కనుక తెలుగు మాటతో రాసిన షరతు దానికి తగలదు. సీవ్ విప్పి చదువుతుంది. పైథాన్‌లో రాసిన స్క్రిప్టు అయితే హెడర్‌ను ముందు విప్పుకోవాలి.

విప్పిన తర్వాతా గండాలున్నాయి. షిఫ్ట్ వంటి మాట చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య గుర్తును చేరుస్తాయి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. తెర మీద రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్ మాత్రం అవి వేరంటుంది. మైన్స్ అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. పోల్చడానికి ముందు రెండు వైపులా పాఠాన్ని యూనికోడ్ సాధారణీకరణకు గురిచేసి, అదృశ్య గుర్తులను తీసేస్తే ఈ బాధ తీరుతుంది.

అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం సంగతి వేరు. ఫాంటు లేనిచోట అది రోమన్ అక్షరాల కలగాపులగంగా తేలుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా ఏ ఫిల్టరూ చదవలేదు.

స్క్రిప్టు కదలని సందర్భాలు

నిన్నటి దాకా నడిచి ఈరోజు ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది లాగిన్. గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాల్లో కేవలం పాస్‌వర్డుతో ప్రవేశించే పాత యాప్‌లను నిలిపేసింది. మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు 1 నుంచి ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో అదే పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి చాలా స్క్రిప్టులు పాస్‌వర్డుకు బదులు ఓఆత్ అనే అనుమతి టోకెన్లతో నడుస్తున్నాయి. గూగుల్‌లో పరీక్ష దశలోనే వదిలేసిన బయటి యాప్‌కు ఇచ్చే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చెల్లిపోతుంది. ప్రతి వారం ఒకసారి ఆగిపోయే స్క్రిప్టు విషయంలో మొదటి అనుమానం దీని మీదికే పోవాలి.

రెండోది కోటా. యాప్స్ స్క్రిప్ట్‌లో ఒక్క పరుగు 6 నిమిషాలు మించకూడదు. వ్యక్తిగత ఖాతాలో ట్రిగ్గర్లన్నీ కలిసి రోజుకు 90 నిమిషాలు మించకూడదు. నిమిషానికోసారి లేచి ప్రతిసారీ 4 సెకన్లు తీసుకునే స్క్రిప్టు రోజుకు 1,440 సార్లు నడవాలంటే 96 నిమిషాలు కావాలి. రోజు గడవకముందే కోటా అయిపోతుంది. దాన్ని పది నిమిషాలకోసారి లేచేలా మారిస్తే 10 నిమిషాల లోపే సరిపోతుంది.

మూడోది పరిసరం. చేత్తో నడిపితే పనిచేసి, ఫిల్టర్ నడిపితే విఫలమయ్యే స్క్రిప్టులో తప్పు సాధారణంగా కోడులో ఉండదు. మెయిల్ సర్వర్ దాన్ని వేరే వినియోగదారు పేరుతో, వేరే ఫోల్డరులో, కుదించిన పాత్ సెట్టింగుతో నడుపుతుంది. ఫైలు రాసే అనుమతి లేకపోవడం, ప్రోగ్రాము చిరునామా దొరకకపోవడం దీని ఫలితాలే. భాష సెట్టింగు కూడా మారిపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలవుతాయి, లేదా స్క్రిప్టు మధ్యలో కూలిపోతుంది. ప్రతి ఫైలుకూ పూర్తి చిరునామా రాయడం, యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పడం మేలు.

కదిలినా తప్పు ఫలితం

బొగ్గుబాయిలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. నైట్ షిఫ్టు అంకెలు తెల్లవారుజామున వస్తాయి. భారత ప్రామాణిక సమయం అంతర్జాతీయ సమయం కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 లోపు వచ్చిన ప్రతి మెయిల్‌కూ అంతర్జాతీయ లెక్కలో ముందురోజు తేదీ పడుతుంది. ఏప్రిల్ 1 వేకువన 5 గంటలకు వచ్చిన రిపోర్టును అంతర్జాతీయ సమయంతో లెక్కించే స్క్రిప్టు మార్చి 31లో వేస్తే, ఆ అంకె గత ఆర్థిక సంవత్సరంలోకి జారిపోతుంది. జీమెయిల్ ఏపీఐలో తేదీతో వెతికితే అది అమెరికా పసిఫిక్ అర్ధరాత్రి లెక్కన చూస్తుంది. అది మనకు మధ్యాహ్నం 1:30. తేదీకి బదులు సెకన్ల సంఖ్య ఇచ్చి వెతకడం క్షేమం.

అంకెల రాతలోనూ తేడాలొస్తాయి. 05/04 అంటే మనకు ఏప్రిల్ 5, అమెరికా సెట్టింగులో మే 4. లక్షల పద్ధతిలో కామాలు పెట్టిన 1,25,000ను మూడేసి అంకెల కామాలే ఆశించే ప్రోగ్రాము తిరస్కరించవచ్చు.

రెండుసార్లు నమోదు కావడం మరో రకం. సర్వర్ మెయిల్ అందుకుని, అందిందని చెప్పేలోపు లైను తెగితే పంపినవైపు నుంచి అదే మెయిల్ మళ్లీ వస్తుంది. ఈ సంగతిని 1988లోనే ఆర్‌ఎఫ్‌సీ 1047 వివరించింది. స్క్రిప్టు సగం పని చేసి, తాత్కాలిక వైఫల్యాన్ని తెలిపే 75 సంకేతంతో బయటపడినా అంతే. సర్వర్ కాసేపాగి దాన్ని తిరిగి నడుపుతుంది. ప్రతి మెయిల్‌కూ ఉండే మెసేజ్-ఐడీని రాసి ఉంచుకొని, ఒకసారి చూసినదాన్ని వదిలేయడమే దీనికి మందు.

జవాబులు పంపే స్క్రిప్టుకు అవతల కూడా జవాబులు పంపే స్క్రిప్టు తగిలితే రెండూ తెల్లవార్లూ మాట్లాడుకుంటాయి. దీన్ని ఆపడానికే 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3834 యంత్రం పంపిన మెయిల్‌కు ఆటో-సబ్మిటెడ్ అన్న హెడర్ ఉండాలని సూచించింది. ఆ గుర్తున్న మెయిల్‌కు స్క్రిప్టు జవాబివ్వకూడదు.

నిర్ధారణ క్రమం

లోపం వెతికేటప్పుడు మజిలీల వరస తప్పకూడదు. కోడు తెరవడానికి ముందు ఈ ప్రశ్నలు అడగాలి:

1. మెయిల్ నిజంగా వచ్చిందా? స్పామ్ ఫోల్డరులోనూ చూడాలి.
2. ఫిల్టర్ గుర్తు దాని మీద పడిందా? లేబులో ఫోల్డరో చూస్తే తెలిసిపోతుంది.
3. ఆ సమయానికి స్క్రిప్టు లేచిందా? యాప్స్ స్క్రిప్ట్‌లో ఎగ్జిక్యూషన్స్ జాబితా, పవర్ ఆటోమేట్‌లో రన్ హిస్టరీ, ప్రాక్‌మెయిల్‌లో లాగ్ ఫైలు చెబుతాయి.
4. లేచాక ఏ వరుసలో ఆగింది?
5. అదే మెయిల్‌ను దాచి, చేత్తో స్క్రిప్టుకు ఇస్తే ఏమవుతుంది?

మొదటి మూడు ప్రశ్నల్లో లేదు అన్న జవాబు ముందుగా వచ్చినచోటే లోపం ఉంటుంది. మూడు దాకా అన్నీ సరిపోయి ఐదోదీ నెగ్గితే తప్పు పరిసరంలో ఉన్నట్టు. ఐదోది విఫలమైతే తప్పు కోడులోనో మెయిల్ రూపంలోనో ఉన్నట్టు. పరీక్షకు ఫార్వర్డ్ చేసిన మెయిల్‌ను వాడకూడదు. ఫార్వర్డ్‌తో పంపినవారి చిరునామా, హెడర్లు మారిపోతాయి. మూలం చూపు అన్న మెనూ నుంచి అసలు పాఠాన్ని దించుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలంటే ప్రతి మజిలీలోనూ రాత మిగలాలి. గనిలో పనిని పర్యవేక్షించే సర్దారు తన షిఫ్టు రిపోర్టు రాసి సంతకం చేశాకే పని తర్వాతివాళ్ల చేతిలోకి వెళ్లినట్టు, స్క్రిప్టు కూడా ఏ మెయిల్ అందుకుంది, ఏం చేసింది, ఎప్పుడు ముగించింది అన్నవి రాసి వెళ్లాలి. పని లేని రోజు కూడా ఈరోజు ఏమీ రాలేదని ఒక వరుస రాయించాలి. ఆ వరుస కనిపించని రోజే స్క్రిప్టు ఆగిన రోజు.

భద్రత

బయటివాళ్లు ఎవరైనా పంపగలిగిన పాఠంతో సొంత కంప్యూటర్‌లో ప్రోగ్రాము నడుస్తుందన్న సంగతిని మరవకూడదు. 2000 మేలో ప్రపంచమంతా పాకిన ఐ లవ్ యూ వైరస్ మెయిల్‌లో వచ్చిన స్క్రిప్టే. 2014 సెప్టెంబరులో బయటపడ్డ షెల్‌షాక్ లోపం మెయిల్ హెడర్ల ద్వారా కూడా దాడికి దారి ఇచ్చింది. అవుట్‌లుక్ రూల్స్‌లోని రన్ ఎ స్క్రిప్ట్ వసతిని మైక్రోసాఫ్ట్ 2017లో భద్రతా నవీకరణలతో మామూలుగా పనిచేయకుండా చేసింది. ఆ ఏడాది అప్‌డేట్ తర్వాత పాత రూల్స్ ఆగడానికి కారణం అదే.

పంపినవారి పేరును ఎవరైనా మార్చి రాయవచ్చు. పంపినవారు నిజమో కాదో తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలు నెగ్గిన మెయిల్‌నే స్క్రిప్టుకు ఇవ్వాలి. బ్యాంకు ఖాతా మారిందని చెప్పే మెయిల్‌తో డబ్బు చెల్లింపు దానంతట అది జరిగే ఏర్పాటు ఎప్పుడూ ఉండకూడదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటనలను 6 గంటల్లోగా తెలియజేయాలి. లోపం వెతకడానికి పెట్టుకున్న రాతలే ఇక్కడా పనికొస్తాయి.

పరిమితులు

ఎస్‌ఎంటీపీ సమయానికి హామీ ఇవ్వదు. అవతలి సర్వర్ తీసుకోకపోతే కనీసం 30 నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించమని, నాలుగైదు రోజులు ఆశ వదలవద్దని ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతుంది. 2003లో ప్రచారంలోకి వచ్చిన గ్రేలిస్టింగ్ పద్ధతిలో కొత్తవాళ్ల మెయిల్‌ను సర్వర్ మొదటిసారి కావాలనే వెనక్కి పంపుతుంది. బిల్లు అరగంట ఆలస్యమైతే నష్టం లేదు. గనిలో ప్రమాదం అంత వ్యవధి ఇవ్వదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. భూగర్భ గనిలో మీథేన్ 1.25 శాతం దాటితే విద్యుత్ ఆపి మనుషులను వెనక్కి రప్పించాలన్న నిబంధన ఉంది. ఆ పని గ్యాస్ సెన్సర్‌కూ విద్యుత్ సరఫరాకూ నేరుగా కలిపిన పరికరాలు, ఫోన్లు, సైరన్లు, గనిలో ఉన్న సిబ్బంది చేయాల్సిందే. తర్వాత ఆఫీసులకు వెళ్లే నివేదికకు మాత్రమే మెయిల్ తగును.

టెండరు గడువులు, బిల్లులు, రోజువారీ లెక్కలు వంటి పనులకు ఫిల్టర్ ఆధారిత స్క్రిప్టులు చవకైనవి, నమ్మదగినవి. ఆ నమ్మకం మూడు ఏర్పాట్ల మీద నిలుస్తుంది: ప్రతి మజిలీలో రాత, రెండోసారి వచ్చిన మెయిల్‌ను గుర్తుపట్టే పద్ధతి, స్క్రిప్టు ఎవరి ఖాతాలో ఏ ఫిల్టర్‌తో నడుస్తోందో తెలిపే ఒక్క పేజీ వివరం. మూడోది లేని ఆఫీసులో, ఏర్పాటు చేసిన మనిషి ఉద్యోగం మారి ఖాతా మూతపడిన రోజున స్క్రిప్టు కూడా ఆగిపోతుంది.